వేళ్ళతో తట్టుకుంటే టెన్షన్ తగ్గింది. దానికి కారణం ‘ఎనర్జీ’యేనా? రెండో లెవెల్‌కి 18 వేలు కట్టమంటారా?

వేపచెట్టు నీడ

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదటిసారి. అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఫోన్ మోగితే చాలు, గుండె ఝల్లుమంటుంది. మా వదిన పోరు పడలేక పోయిన నెల రెండ్రోజుల వర్క్‌షాప్‌కి వెళ్ళాను. పేరు ‘పాజిటివ్ అండ్ ఎనర్జీ సైకాలజీ’. భోజనంతో కలిపి 4,500.

పొద్దున పూట కృతజ్ఞతా డైరీ, మనలోని మంచి గుణాలు రాసుకోవడం లాంటివి. మధ్యాహ్నం ట్యాపింగ్, దాన్నే ఈఎఫ్‌టీ (ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్స్) అంటున్నారు. బాధని తలుచుకుని అది సున్నా నుంచి పదిలో ఎంత ఉందో చెప్పాలి. తర్వాత అరచేతి అంచు, కనుబొమ్మ మొదలు, కంటి పక్కన, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ కింది ఎముక, చంక కింద, నడినెత్తి, ఇలా వరసగా వేళ్ళతో తట్టుకోవాలి. తట్టుకుంటూ ‘నాకు ఈ భయం ఉన్నా సరే, నన్ను నేను మనస్ఫూర్తిగా ప్రేమిస్తున్నాను, అంగీకరిస్తున్నాను’ అనాలి. నలభై మందిమి ఒక్కసారిగా తడుతుంటే రేకుల కప్పు మీద చినుకులు పడుతున్నట్టుంది. మొదట నవ్వొచ్చింది. మూడో రౌండ్‌కి ఏడుపొచ్చింది. తొమ్మిది అని మొదలుపెట్టినదాన్ని చివరికి నాలుగు అన్నాను. మొహమాటానికి అన్నమాట కాదు, నిజంగానే తేలికపడ్డాను.

ఇప్పుడు రెండో లెవెల్‌కి 18 వేలంటున్నారు. ఒంట్లో శక్తి ప్రవాహాలకి ఉన్న అడ్డంకులు అందులో తొలగిస్తారట. మావారేమో ‘ఆ డబ్బు నాకిస్తే నేనే తడతా’ అంటున్నారు. ఎగతాళి చేయకుండా చెప్పండి. ఇది నిజమేనా?

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. తగ్గిందా? తగ్గింది, దానికి మీరే సాక్షి. దేనివల్ల తగ్గింది? అది మీ సాక్ష్యంతో తేలేది కాదు.

దీని పుట్టుక చూడండి. రోజర్ కాలహన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలో, నీళ్ళంటే హడలిపోయే ఒకావిడకి కంటి కింద తట్టించి చూశాడు. భయం పోయిందన్నాడు. దానికి థాట్ ఫీల్డ్ థెరపీ అని పేరు పెట్టి, ఒక్కో బాధకి ఒక్కో వరస తయారుచేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ అనే ఇంజినీరు 1990లలో ‘అన్నిటికీ ఒక్క వరస చాలు’ అన్నాడు. అదే మీ ఈఎఫ్‌టీ. గురువుగారి వరసలతోనూ తగ్గింది, శిష్యుడి ఒక్క వరసతోనూ తగ్గింది. అంటే వరసకి విలువ లేనట్టే కదా?

2003లో కెనడాలో వేట్, హోల్డర్ అనే ఇద్దరు 119 మంది విద్యార్థుల మీద పరీక్షించారు. కొందరు అసలు బిందువుల మీద తట్టుకున్నారు. కొందరు చేతి మీద ఏ సంబంధమూ లేని చోట్ల తట్టుకున్నారు. కొందరు ఆడుకునే బొమ్మ మీద తట్టారు. ఇంకొందరు ఏమీ తట్టకుండా వేరే పని చేశారు. తట్టిన మూడు జట్లలోనూ భయం తగ్గింది, బొమ్మని తట్టిన వాళ్ళతో సహా! తట్టని వాళ్ళకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బొమ్మకి ఏ శక్తి ప్రవాహం ఉందో మరి.

ప్రాణధార

నేను ట్యాపింగ్ నేర్పిస్తాను, ఎనిమిదేళ్ళుగా అదే నా జీవనం. ఈ సంగతి ముందే చెబుతున్నా, తర్వాత ఎవరూ ‘దొరికావు’ అనకూడదు.

మాస్టారూ, ఆ బొమ్మ పరీక్ష సంగతి మాకు తెలియనిది కాదు. బొమ్మని తట్టింది వేలి కొసలతోనే కదా? వేలి కొసల్లోనూ బిందువులున్నాయి. మీరు చెప్పనిది ఇంకోటుంది. 2012లో 83 మంది మీద చేసిన పరిశోధనలో, ఒక గంట ట్యాపింగ్ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ 24 శాతం తగ్గింది. ఊరికే కూర్చుని మాట్లాడినవాళ్ళలో 14 శాతమే. హార్మోన్‌కి మొహమాటం ఉండదండీ.

లెక్కల మాస్టారు

వేలి కొసల్లోనూ ఉంటే గోడని తట్టినా, కీబోర్డ్ కొట్టినా తగ్గాలి. అప్పుడు ఆ తొమ్మిది చోట్ల బొమ్మ గీసిన ఛార్ట్ ఎందుకు? 18 వేలు ఎందుకు?

83 మంది పరిశోధన సంగతి. దాన్ని నడిపిన డాసన్ చర్చ్ స్వయంగా ఈఎఫ్‌టీ శిక్షణ ఇచ్చే మనిషి. అంతమాత్రాన అబద్ధం అనను. కానీ అందులో ఒక జట్టు ట్యాపింగ్ చేసింది, ఒక జట్టు మాట్లాడింది, ఒక జట్టు ఏమీ చేయలేదు. తప్పు చోట తట్టుకున్న జట్టు లేదు. అది లేకుండా బిందువుల సంగతి ఎలా తేలుస్తారు?

అమెరికా సైకాలజిస్టులు దీనికి ‘ఊదారంగు టోపీ’ పోలిక చెబుతారు. కారు నడపాలంటే భయపడే మనిషికి ఊదారంగు టోపీ పెట్టి, అందులో అయస్కాంతం ఉందని చెప్పి, రోజూ కొంచెం కొంచెం దూరం కారు నడిపించారనుకోండి. భయం పోతుంది. పోగొట్టింది నడపడమా, టోపీయా? ట్యాపింగ్‌లో మీరు భయాన్ని దాచకుండా పైకి చెబుతారు, దాంతో కాసేపు కూర్చుంటారు, ఊపిరి నెమ్మదిస్తుంది, పక్కన నలభై మంది తోడుంటారు. ఇవన్నీ పాత మందులే. తట్టడం టోపీ.

పాల లెక్క

మాస్టారు బాగా చెప్పారు గానీ, తట్టడాన్ని మరీ టోపీ చేసెయ్యకండి బాబూ. నాకు 71 ఏళ్ళు, ముగ్గుర్ని పెంచాను. గుక్కపెట్టే పసివాణ్ణి భుజాన వేసుకుని వీపు మీద తడితే ఊరుకుంటాడు. జోకొట్టడానికి బిందువులు ఎవరు చూశారు? దాని వెనకాల శక్తి ఉందని కూడా ఎవరూ అనలేదు. ఫీజు కూడా లేదు.

ప్రాణధార

అమ్మగారూ, నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు. మాస్టారికి ఒక మాట. శక్తి అన్న మాట మీకు నచ్చకపోతే వదిలేయండి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ‘రోజూ పదినిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టండి’ అంటే తల ఊపి వెళ్ళిపోతారు, చేయరు. తట్టుకోమంటే చేస్తారు. చేతికి పని ఉంటుంది. బస్సులో కూర్చుని కూడా మణికట్టు తట్టుకునేవాళ్ళున్నారు. చేయించగలగడం చిన్న విషయమా?

లెక్కల మాస్టారు

చిన్న విషయం కాదు. ఇది ఒప్పుకుంటాను. నాకు ఇరవై ఏళ్ళుగా డాక్టర్లు వాకింగ్ చెబుతున్నారు.

బెంచ్ మీద బాబు

ట్యాపింగ్ గొడవ మీరు తేల్చుకోండి. నా కోపం పొద్దున పూట కృతజ్ఞతా డైరీ మీద. మా కంపెనీలో లేఆఫ్‌లు అయిన వారమే వెల్‌నెస్ సెషన్ పెట్టారు. ‘ఈ వారం మీరు కృతజ్ఞత చెప్పుకోదగ్గ మూడు విషయాలు రాయండి’ అని గూగుల్ ఫామ్. నేను రాసింది: ఒకటి, నా పేరు లిస్టులో లేదు. రెండు, లేదనే అనుకుంటున్నాను. మూడు, ఫామ్‌లో పేరు అడగలేదు.

ఎదురుగా కుర్చీ ఖాళీ. అతను మిగిల్చి వెళ్ళిన కాఫీ మగ్గు ఇంకా అక్కడే ఉంది. ‘నెగెటివ్ ఎనర్జీ వద్దు టీమ్’ అంటున్నారు. బాధని బాధ అనడం కూడా నేరమేనా? ఏది జరిగినా నీ ఆలోచన సరిగ్గా లేకే అని మన నెత్తిన రుద్దడానికి దొరికిన సైన్స్ ఇది.

లెక్కల మాస్టారు

తమ్ముడూ, ఆ సైన్స్‌లో, అదే పాజిటివ్ సైకాలజీలో, ఒక లెక్క ఉండేది, నాకు భలే ఇష్టం. 2005లో ఫ్రెడ్రిక్సన్, లొసాడా అనే ఇద్దరు ఒక పెద్ద జర్నల్‌లో రాశారు: ఒక్కో చెడు భావానికి కనీసం 2.9013 మంచి భావాలుంటే మనిషి వికసిస్తాడని. చూడండి, దశాంశం తర్వాత నాలుగు అంకెలు! ద్రవాల కదలికకి వాడే సమీకరణాలు తెచ్చి మనసుకి తగిలించారు. ఎనిమిదేళ్ళు అందరూ తల ఊపారు. 2013లో నిక్ బ్రౌన్ అనే పార్ట్‌టైమ్ మాస్టర్స్ విద్యార్థి, భౌతికశాస్త్రవేత్త సోకల్, సైకాలజిస్టు ఫ్రీడ్‌మన్‌లతో కలిసి ఆ లెక్కకి ఆధారమే లేదని తేల్చాడు. జర్నల్ ఆ గణిత భాగాన్ని ఉపసంహరించుకుంది. మా ఇంటర్ పిల్లలు కూడా యూనిట్లు ఏవని అడుగుతారు.

పాల లెక్క

బాబూ, నీ కోపం న్యాయం. ఆ ఫామ్ పంపినవాళ్ళకి బుద్ధి లేదు. కానీ మూడు మంచి సంగతులు రాసుకోవడం మాత్రం వాళ్ళు కనిపెట్టింది కాదు. మార్టిన్ సెలిగ్మన్ అని, 1998లో అమెరికా సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షుడైనప్పుడు ఈ పాజిటివ్ సైకాలజీకి జెండా ఎత్తిన మనిషి. 2005లో ఆయన బృందం ఇంటర్నెట్‌లో జనాన్ని పోగేసి పరీక్షించింది. రోజూ రాత్రి మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో కూడా, వారం రోజులు రాయమన్నారు. ఆరు నెలల తర్వాత కూడా కొంత తేడా కనిపించింది, ముఖ్యంగా వారం అయ్యాక కూడా మానకుండా రాసినవాళ్ళలో. మా మనవరాలు సైకాలజీ చదువుతోంది, అదే చెప్పింది.

చాలామంది ‘ఎందుకు’ అన్నది వదిలేస్తారు. మావారు పోయాక నేను పాల లెక్క రాసే పుస్తకంలోనే, కుడి పేజీలో రాస్తాను. మొన్నటిది చూసి రాస్తున్నా: ‘కరెంటు పోయింది, నీళ్ళకి ఇబ్బంది పడలేదు. ఎందుకు: పొద్దున్నే మోటారు వేశాను.’ ‘కింది వాటా పిల్ల గోరింటాకు పెట్టమని వచ్చింది. ఎందుకు: పోయినసారి బాగా పండింది.’ ఇంతే. జీవితం అద్భుతం అని ఎక్కడా రాయలేదు. ‘ఏమీ లేదు’ అని రాసిన రోజులూ ఉన్నాయి. ఎదురు పేజీలో ‘అర లీటరు తక్కువ పోశాడు’ అనీ ఉంటుంది.

బెంచ్ మీద బాబు

అమ్మమ్మా, మీ పుస్తకం గొడవలేనిది. మీకు మీరుగా రాసుకుంటున్నారు. మాకు మేనేజర్ రాయిస్తున్నాడు. తేడా అక్కడుంది.

నైట్ డ్యూటీ

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. స్టాఫ్ నర్సుని. పరిశోధనల సంగతి మాస్టారంత తెలియదు గానీ, ఒకటి మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. 2009లో కెనడాలో జోయాన్ వుడ్ వాళ్ళు చేసింది. తమ మీద తమకి నమ్మకం తక్కువున్నవాళ్ళ చేత ‘నేను ప్రేమకి తగిన మనిషిని’ అని పదే పదే అనిపిస్తే వాళ్ళు ఇంకా దిగాలుపడ్డారట. నమ్మకం ఉన్నవాళ్ళకే కాస్త మేలు. అందుకే ‘నన్ను నేను మనస్ఫూర్తిగా ప్రేమిస్తున్నాను’ అంటే కొందరికి గొంతు దాటదు. అసలు మన ఇళ్ళలో అలా ఎవరు మాట్లాడతారండీ? నేను పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళతో ‘భయంగానే ఉంది, ఉంటే ఉండనీ’ అనిపిస్తాను. మణికట్టు పట్టుకుని, ఊపిరి వదిలేటప్పుడు నాతోపాటు ఆరు లెక్కపెట్టమంటాను. రాత్రి మూడింటికి ఐసీయూ బయట అది చాలా సాయం చేస్తుంది.

అసలు రాయాలనుకున్నది వేరు. వేపచెట్టు నీడ గారూ, మీ పోస్టులో ‘గుండె ఝల్లు’, ‘నిద్ర లేదు’ అని చూడగానే నాకు ఒకావిడ గుర్తొచ్చింది. నలభై దాటింది. ఆర్నెల్లు గుండెదడ అని ఎవరి దగ్గరో ట్యాపింగ్ చేయించుకుంది. ‘లోపల అణిచిపెట్టిన కోపం’ అన్నారట. మా దగ్గరికి వచ్చేసరికి మెట్లెక్కలేకపోతోంది. కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా తెలుపు. హీమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్ళకి 12 ఉండాలి. నెలనెలా ఎక్కువ బ్లీడింగ్ అవుతోందని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. థైరాయిడ్ ఎక్కువైనా ఇవే లక్షణాలు. ముందు ఆ రెండు పరీక్షలు చేయించండి. అవి సరిగ్గా ఉండీ దిగులు వారాల తరబడి వదలకపోతే 14416కి చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రాణధార

ఆ కోచ్ చేసింది తప్పు. నా దగ్గరికి ఎవరైనా గుండెదడ అని వస్తే డాక్టర్ చీటీ అడుగుతాను. అడగనివాళ్ళు మా రంగంలో చాలామందే ఉన్నారు, కాదనను. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను, మా వాళ్ళు తిట్టుకున్నా సరే. క్రెయిగ్ తన మాన్యువల్‌ని ఉచితంగానే పంచిపెట్టాడు. మొదటి రెండ్రోజుల్లో నేర్చుకున్నదానితో ఇంట్లో చేసుకోవచ్చు. తర్వాతి లెవెళ్ళు ఇతరులకి నేర్పించాలనుకునేవాళ్ళకి.

కానీ శక్తి ప్రవాహాలు లేవని మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ. నా చేతులతో నేను చూస్తున్నా.

లెక్కల మాస్టారు

చేతులతో చూస్తున్నది తగ్గడాన్ని. ప్రవాహాన్ని కాదు. సరే, ఇక్కడ మనిద్దరం కలవం.

వేపచెట్టు నీడ

అందరికీ థాంక్సండీ. నర్సమ్మ రాసింది చదివి అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి చూసుకున్నా. ఏమీ అర్థం కాలేదు, రేపు పొద్దున ల్యాబ్‌కి వెళ్తున్నాను. నిన్న రాత్రి అమ్మ దగ్గర్నుంచి ఫోనొస్తే మెడ కింద తట్టుకుంటూనే ఎత్తాను. ‘పప్పులో ఉప్పెక్కువైంది’ అని చెప్పడానికి చేసింది. ట్యాపింగ్ మానను, ఊరికే వస్తోంది కాబట్టి. పాల లెక్క అమ్మగారిలా రాయడానికి మా ఇంట్లో పాలు ప్యాకెట్లు, పుస్తకం లేదు. క్యాలెండర్ మీద రాస్తాను.

18 వేలు కట్టను. చిక్కేమిటంటే వదిన నా తరఫున రెండు వేలు అడ్వాన్స్ కట్టేసిందట, ఇప్పుడే తెలిసింది. అది తిరిగొస్తుందా?

ప్రాణధార

నేనైతే ఇస్తాను. వాళ్ళ సంగతి తెలియదు. రసీదు వెనకాల ఏం రాశారో చూడండి.

పాల లెక్క

రసీదు ఎవరి పేరు మీద ఉందమ్మా?

వేపచెట్టు నీడ

వదిన పేరు మీద. అడగాలంటే ఇప్పుడే ఎనిమిదికి వెళ్ళిపోయింది టెన్షన్.