తీపి తినని నాన్నగారికి మధుమేహం ఎందుకు వచ్చింది?

ప్రశ్న (అనంతపురం): మా నాన్నగారికి 58 ఏళ్లు. టీలో కూడా చక్కెర వేసుకోని ఆయనకు పరగడుపు పరీక్షలో 148 రావడంతో ఇంటిల్లిపాదీ కలవరపడ్డాము. రెండు పూటలా రాగి సంగటే తినే మనిషికి ఈ జబ్బు ఎలా వచ్చినట్టు?

జవాబు (కర్నూలు): తీపి తింటేనే వస్తుందనుకోవడం పొరపాటండీ. క్లోమం తయారుచేసే ఇన్సులిన్‌కు కండరాలూ కాలేయమూ సరిగా స్పందించక, ఆ లోటును పూడ్చడానికి అదనంగా పనిచేసి క్రమంగా క్లోమమే అలసిపోవడం వల్ల రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. వంశపారంపర్యం, పొట్ట చుట్టూ కొవ్వు, శ్రమ తగ్గడం ఇందుకు దారితీస్తాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే మొదటి రకం వేరు. అందులో శరీర రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ కణాలను నాశనం చేస్తుంది. పరగడుపున 126 లేదా అంతకు మించితే మధుమేహంగానే చూస్తారు కాబట్టి, వైద్యుని సలహాతో మరొకసారి పరీక్ష చేయించి నిర్ధారించుకోండి.

జవాబు (కడప): రాగులు మంచివే, కానీ వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. మా అమ్మకు ముద్ద తిన్న రెండు గంటలకు 230 ఉండేది. ముద్దను సగం చేసి, గోంగూర పప్పు, చిక్కుడు కూర పెంచాక 170కి దిగింది. మందులు మాత్రం మానలేదు. మీ సంగటిలో బియ్యం పాలెంతో చూశారా?

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే అమ్మను అడిగాను. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు రాగిపిండి వేస్తోందట.