ఈఎన్‌సీ28జే60 ఈథర్నెట్ చిప్ డ్రైవర్: బల్ల మీద వారం రోజులు తిరుగుతుంది, సైటులో నాలుగు గంటలకే మూగబోతోంది

మిర్చి_ఫర్మ్‌వేర్:

నమస్కారమండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టే ఆరు ఛాంబర్లకు ఉష్ణోగ్రత, తేమ చూసే బోర్డులు చేసిచ్చాను. ఒక్కో బోర్డులో ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ ఉన్న బ్లూ పిల్ అనే చిన్న బోర్డు, దానికి ఎస్‌పీఐ (చిప్పులు మాట్లాడుకునే తీగలు) మీద నెట్‌వర్క్ కోసం ఈఎన్‌సీ28జే60 మాడ్యూల్. పైన ఎల్‌డబ్ల్యూఐపీ అనే టీసీపీ/ఐపీ సాఫ్ట్‌వేర్. ఆఫీసు గదిలో ఉన్న పీసీ 30 సెకన్లకోసారి మోడ్‌బస్ టీసీపీ అనే ప్రోటోకాల్‌లో రీడింగు అడుగుతుంది. నెట్‌వర్క్ డ్రైవర్ నేను రాసింది కాదు. నెట్‌లో దొరికిన ఓపెన్ సోర్స్ కోడ్, సుమారు 700 లైన్లు, ఎంఐటీ లైసెన్సు.

ఇంట్లో ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టి వారం నడిపాను. ఒక్క పింగ్ కూడా తప్పలేదు. సైటులో పెట్టాక మూడు నుంచి ఐదు గంటల్లో ఏదో ఒక బోర్డు మూగబోతుంది. లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది, రెండో లైటు మిణుకుతూనే ఉంటుంది, డిస్‌ప్లే మీద ఉష్ణోగ్రత మారుతూనే ఉంటుంది. పింగ్ మాత్రం రాదు. కరెంటు తీసి పెడితే మళ్లీ మామూలే. రాత్రిళ్లు ఆ పని వాచ్‌మన్ బాబాయి చేస్తున్నాడు. మా సిస్టమ్‌కి వాచ్‌డాగ్ (ఇరుక్కుపోతే రీసెట్ చేసేది) ఆయనే ప్రస్తుతానికి.

ముందు కంప్రెసర్ మీద పడ్డాను. అది స్టార్ట్ అయినప్పుడల్లా లైట్లు డిమ్ అవుతాయి, కాబట్టి నాయిస్ అనుకున్నాను. కేబుళ్లకు ఫెర్రైట్ రింగులు వేశాను, షీల్డెడ్ కేబుల్ లాగించాను, ఎస్‌పీఐ వేగాన్ని 9 మెగాహెర్ట్జ్ నుంచి 4.5కి దించాను. ఏమీ మారలేదు. ఓనరు గారు ఖర్చు అడుగుతున్నారు, నాకు టెన్షన్ మొదలైంది.

అప్పుడు కూర్చుని డ్రైవర్ మొత్తం డేటాషీట్ పక్కన పెట్టుకుని లైను లైనుకీ చదివాను. అనుమానం వచ్చినవి రెండే. ఎస్‌పీఐ ఫంక్షన్ పంపడం అయిందో లేదో చెప్పే బిజీ బిట్ చూడకుండానే చిప్ సెలెక్ట్ (ఆ చిప్‌తో మాట్లాడుతున్నామని చెప్పే తీగ) ఎత్తేస్తోంది. రెండోది, ప్యాకెట్ వచ్చిందో లేదో పీకేటీఐఎఫ్ అనే ఫ్లాగ్ ఒక్కటే చూసి నిర్ణయిస్తోంది. మిగతాదంతా డేటాషీట్‌లో చెప్పినట్టే ఉంది. ప్యాకెట్ చదివాక, తర్వాతి ప్యాకెట్ అడ్రస్‌ని ఈఆర్ఎక్స్ఆర్‌డీపీటీ అనే రీడ్ పాయింటర్ రిజిస్టర్‌లో రాసి, ప్యాకెట్ల కౌంటర్ ఒకటి తగ్గిస్తోంది.

సీరియల్ పోర్టుకి ప్రింట్లు పెట్టి ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చాను. మూగబోయే ముందు చివరి లైనులో తర్వాతి ప్యాకెట్ అడ్రస్ 15383 అని, పొడవు 41262 అని ఉంది. చిప్‌లో బఫరే 8192 బైట్లు కదా! ఇది నాయిసా, డ్రైవర్ తప్పా? నేనే బాగు చేయగలనా, లేక చిప్ మార్చేయాలా?

బెంచ్‌పవర్:

ముందు పవర్ చూడండి. ఈ చిప్ ప్యాకెట్ పంపేటప్పుడు 160 నుంచి 180 మిల్లీఆంపియర్లు లాగుతుంది. బ్లూ పిల్ మీద ఉండే చిన్న 3.3 వోల్టుల రెగ్యులేటర్ నుంచి ఇస్తున్నారంటే అది అయ్యే పని కాదు.

మిర్చి_ఫర్మ్‌వేర్:

విడి రెగ్యులేటర్ పెట్టానండీ, మాడ్యూల్ పిన్నుల దగ్గరే కెపాసిటర్ కూడా ఉంది. స్కోపులో 3.3 కదలట్లేదు.

సూటిగా_చెప్తా:

డబ్ల్యూ5500 అనే ఇంకో ఈథర్నెట్ చిప్ పెట్టు బ్రో. టీసీపీ అంతా చిప్‌లోనే, 32 కేబీ బఫర్, 100 ఎంబీపీఎస్. 10 ఎంబీపీఎస్ పాత చిప్పుతో ఈ కుస్తీ ఎందుకు? డబ్బు కంటే నీ నిద్ర ముఖ్యం.

పాతచిప్పులోడు:

కొత్త బోర్డు చేసేటప్పుడు డబ్ల్యూ5500 మంచి మాటే. కానీ ఆరు బోర్డులు గోడకి బిగించేసి ఉన్నాయి, పైగా ఇది ఒక్క లైనులో పోయే జబ్బు. ఈ చిప్‌తో నేను కొన్నేళ్లు కాపురం చేశాను, అందుకే చెప్తున్నా.

మీరు రివ్యూ బాగానే చేశారు తమ్ముడూ, పక్కన పెట్టుకున్న కాగితమే సరిపోలేదు. డేటాషీట్‌తో పోలిస్తే ఆ కోడ్ పాసవుతుంది. ఈ చిప్‌కి ఎర్రాటా అని విడిగా ఇంకో పత్రం ఉంది. తయారైన సిలికాన్‌లో ఉండిపోయిన తప్పులు, వాటిని తప్పించుకునే దారులు అందులో ఉంటాయి. మీకు "సరిగ్గా ఉంది" అనిపించిన లైనే అసలు దోషి.

రిసీవ్ బఫర్ గుండ్రంగా తిరిగే బఫర్. హార్డ్‌వేర్ గానుగెద్దులా తిరుగుతూ వచ్చిన ప్యాకెట్లను రాసుకుంటూ పోతుంది. ఈఆర్ఎక్స్ఆర్‌డీపీటీ దానికి అడ్డంగా పాతిన గుంజ. "ఇక్కడిదాకా నేను చదివాను, ఇది దాటి రాయకు" అని అర్థం. ఆ రిజిస్టర్‌లో సరిసంఖ్య అడ్రస్ రాస్తే, రిసీవ్ హార్డ్‌వేర్ ఒక్కోసారి బఫర్‌ని పాడు చేస్తుంది. ప్యాకెట్ ముందుండే ఆరు బైట్ల హెడర్ కూడా అందులో పోవచ్చు. ఆ హెడర్‌లోనే తర్వాతి ప్యాకెట్ అడ్రస్, పొడవు ఉంటాయి. మీకు వచ్చిన 15383, 41262 అక్కడివే. ఒకసారి ఆ చెత్త అడ్రస్‌ని నమ్మితే డ్రైవర్ ఇక దారికి రాదు, చెత్త నుంచి చెత్తకి గెంతుతుంది.

చిప్ ప్రతి ప్యాకెట్‌నీ సరిసంఖ్య అడ్రస్ దగ్గరే మొదలుపెడుతుంది. అంటే మీ డ్రైవర్ ప్రతిసారీ సరిసంఖ్యే రాస్తోంది. రాయాల్సింది అందులోంచి ఒకటి తీసేసి. అడ్రస్ 0 వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త, ఒకటి తీసేస్తే 65535 అవుతుంది. అప్పుడు బఫర్ చివరి అడ్రస్ రాయాలి. రిసీవ్‌కి 0 నుంచి 6655 వరకు, పంపడానికి 6656 నుంచి 8191 వరకు పెట్టుకుంటే సరిపోతుంది. 6655 బేసి కాబట్టి ఇబ్బంది లేదు. పంపే వైపు 1536 బైట్లు మిగులుతాయి. కంట్రోల్ బైటు 1, ఫ్రేము 1518, చివర స్టేటస్ 7, మొత్తం 1526. రిసీవ్ బఫర్ 0 దగ్గరే మొదలవ్వాలి, అది కూడా ఎర్రాటాలో ఉన్న సంగతే.

ఇంట్లో ఎందుకు రాలేదంటారా? సైటులో అదే స్విచ్ మీద సీసీ కెమెరాలు ఉన్నాయా? ఉంటే మల్టీకాస్ట్, బ్రాడ్‌కాస్ట్ (ఒకేసారి చాలామందికి వెళ్లే ప్యాకెట్లు) వరద ఉంటుంది, బఫర్ నిండుతూ ఉంటుంది, గుంజ దాకా ఎద్దు వస్తూ ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌తో ఆ పరిస్థితే రాలేదు. డ్రైవర్‌లో రిసీవ్ ఫిల్టర్ రిజిస్టర్‌కి 0 రాశారేమో కూడా చూడండి. అలా రాస్తే ఫిల్టరే ఉండదు, ఊళ్లో ఉత్తరాలన్నీ మీ ఇంటికే.

పీకేటీఐఎఫ్ మీద మీ అనుమానం కరెక్టే. ఆ ఫ్లాగ్ నమ్మదగింది కాదని ఎర్రాటాలోనే ఉంది. ఈపీకేటీసీఎన్‌టీ అనే ప్యాకెట్ కౌంటర్ రిజిస్టర్ చదివి, అది 0 అయ్యేదాకా ప్యాకెట్లు తీయండి.

ఎస్‌పీఐ మీద అనుమానం వదిలేయండి. ఆ ఫంక్షన్ వచ్చే బైటు కోసం ఆగుతోందంటే చివరి బిట్ వెళ్లిపోయినట్టే. అది నిజంగా తప్పైతే మీ బోర్డు మొదటి నిమిషంలోనే చచ్చేది. మ్యాక్ (చిప్‌లో ఫ్రేములు చూసుకునే భాగం) రిజిస్టర్ల తర్వాత మాత్రం చిప్ సెలెక్ట్‌ని 210 నానోసెకన్లు పట్టుకోవాలి. 72 మెగాహెర్ట్జ్ దగ్గర అది కనీసం పదహారు సైకిళ్లు. 4.5కి దించిన వేగాన్ని మళ్లీ 9కి పెంచేయండి. ఈ చిప్ పాత రివిజన్లలో 8 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ వేగంలో మ్యాక్ రిజిస్టర్లు సరిగ్గా పలకవు. రివిజన్ రిజిస్టర్‌లో 6 వస్తే మీది బీ7, ఆ గొడవ లేదు, కానీ దించి లాభమూ లేదు.

ఇంకొకటి. ఈ చిప్‌కి ఆటో నెగోషియేషన్ (వేగం, డ్యూప్లెక్స్ అవతలి వైపుతో మాట్లాడి కుదుర్చుకోవడం) రాదు. అవతలి స్విచ్ దీన్ని హాఫ్ డ్యూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి చేయలేనిది) అనుకుంటుంది. మ్యాక్ వైపు, ఫీ (పీహెచ్‌వై, కేబుల్ సిగ్నల్ చూసుకునే భాగం) వైపు రెండు బిట్లూ హాఫ్‌లోనే ఉన్నాయా చూడండి.

మిర్చి_ఫర్మ్‌వేర్:

అన్నా, ఏం చెప్పమంటారు. ఫిల్టర్‌కి 0 రాసి ఉంది, పక్కన "తర్వాత చూద్దాం" అని కామెంటు కూడా ఉంది. సైటులో 14 కెమెరాలు అదే స్విచ్ మీద ఉన్నాయి.

ముందు ఇంట్లో జబ్బు తెప్పించాలని, పాత కోడ్‌తోనే బోర్డుని స్విచ్‌కి పెట్టి రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి 1400 బైట్ల పింగ్ ఫ్లడ్ వదిలాను. 11 నిమిషాల్లో పడిపోయింది. మూడు సార్లు చేశాను, మూడుసార్లూ పావుగంట దాటలేదు. పడిపోయినందుకు అంత ఆనందం ఎప్పుడూ వేయలేదు. తర్వాత ఆ ఒక్క లైను మార్చి అదే ఫ్లడ్ రాత్రంతా వదిలాను. పొద్దున లేచేసరికి నడుస్తోంది.

డ్యూప్లెక్స్ కథ ఇంకా వింత. డ్రైవర్ మ్యాక్ వైపు హాఫ్ అని రాస్తోంది, ఫీ వైపు అసలు ముట్టుకోవట్లేదు. నాలుగు బోర్డుల్లో ఫీ హాఫ్‌లో ఉంది, రెండింటిలో ఫుల్‌లో! ఆ రెండూ తర్వాత కొన్న మాడ్యూళ్లు. ఇలా ఎలా?

పాతచిప్పులోడు:

ఎల్ఈడీ బి అనే పిన్నుకి లైటుని ఎటు తిప్పి కలిపారో చిప్ రీసెట్ అప్పుడు చూసి, దాన్ని బట్టి ఫీ డ్యూప్లెక్స్ బిట్ పెట్టుకుంటుంది. మీ రెండో లాట్‌లో ఎల్ఈడీ వైరింగ్ వేరేలా ఉంటుంది. కోడ్‌లోనే హాఫ్ అని రాసేయండి. హాఫ్‌లో ఉన్నప్పుడు ఫీ లూప్‌బ్యాక్ (పంపింది మళ్లీ మనకే తిరిగి రావడం) ఆపే బిట్ కూడా పెట్టాలి, మర్చిపోకండి.

కెర్నల్_కాఫీ:

బెంగళూరు నుంచి. బాగు చేసింది మీ దగ్గరే ఉంచుకోకండి, ఆ డ్రైవర్ కోడ్ దొరికిన రిపాజిటరీకి పంపండి. అదే డ్రైవర్ ఇంకెన్ని గోడల మీద ఉందో.

పంపేటప్పుడు అన్నీ కలిపి ఒకే ప్యాచ్‌గా పంపొద్దు. రీడ్ పాయింటర్ ఒక కమిట్ (విడి మార్పు), ప్యాకెట్ కౌంటర్ ఒకటి, డ్యూప్లెక్స్ ఒకటి, ఫిల్టర్ ఒకటి. ఇండెంటేషన్ సర్దడం, పేర్లు మార్చడం అస్సలు కలపొద్దు, రివ్యూ చేసేవాళ్లకి కళ్లు పోతాయి. కమిట్ మెసేజ్‌లో ఎర్రాటా సంగతి, మీ 11 నిమిషాల టెస్టు, దాన్ని ఎలా మళ్లీ చేయొచ్చో రాయండి. మెయింటైనర్ దగ్గర ఈ చిప్ ఇప్పుడు లేకపోవచ్చు, మీ మాట మీదే నమ్మాలి.

లినక్స్ కెర్నల్‌లో ఈ చిప్ డ్రైవర్ ఉంది, ఒకసారి చదవండి. రీడ్ పాయింటర్ కోసం విడిగా చిన్న ఫంక్షనే ఉంది. తర్వాతి ప్యాకెట్ అడ్రస్ బఫర్ చివర దాటి వస్తే, దాన్ని నమ్మకుండా రిసీవ్ లాజిక్‌ని రీసెట్ చేసి బఫర్ మళ్లీ మొదలుపెడుతుంది. మీరూ అది పెట్టండి. అసలు కారణం పోయినా ఆ కాపలా ఉండాలి. కానీ అది జీపీఎల్ లైసెన్సు కోడ్, మీది ఎంఐటీ, షరతులు వేరు. చదివి అర్థం చేసుకుని సొంతంగా రాయండి, కాపీ చేసి అతికించకండి.

పంపే వైపు కూడా ఒకటి మిగిలింది. హాఫ్ డ్యూప్లెక్స్‌లో కొలిజన్ల (రెండు వైపులా ఒకేసారి పంపి ఢీకొనడం) వల్ల ట్రాన్స్‌మిట్ మధ్యలో ఆగిపోతే, లోపలి లాజిక్ అక్కడే ఇరుక్కుపోవచ్చు. తర్వాతి ప్యాకెట్ పంపే ముందు ట్రాన్స్‌మిట్ రీసెట్ బిట్ పెట్టి తీసేసి, ఎర్రర్ ఫ్లాగ్ చెరపాలి. ఆ వరస ముఖ్యం, ఎందుకంటే రీసెట్ తీసేటప్పుడే కొత్త ఎర్రర్ ఫ్లాగ్ లేవొచ్చు.

మిర్చి_ఫర్మ్‌వేర్ (మూడు వారాల తర్వాత):

అప్‌డేట్ ఇస్తున్నాను. ఆరు బోర్డులూ పంతొమ్మిది రోజులుగా నడుస్తున్నాయి, ఒక్క రీసెట్ లేదు. కాపలా కోడ్‌కి ఒక కౌంటర్ పెట్టాను, ఎన్నిసార్లు చెత్త అడ్రస్ పట్టుకుందో లెక్క పెట్టడానికి. ఆరింటిలోనూ సున్నా. ఫిల్టర్‌ని మన అడ్రస్, బ్రాడ్‌కాస్ట్ వరకే పరిమితం చేశాక మైక్రోకంట్రోలర్ కూడా తేలికపడింది.

ఐదు ప్యాచ్‌లు పంపాను. మెయింటైనర్ రీడ్ పాయింటర్‌ది అదే రోజు తీసుకున్నాడు. కౌంటర్, డ్యూప్లెక్స్, ఫిల్టర్ మూడూ వారంలో వెళ్లాయి. ట్రాన్స్‌మిట్ రీసెట్ దగ్గర ఆగింది. ప్రతి ప్యాకెట్ ముందూ చేయాలా, ఎర్రర్ ఫ్లాగ్ ఉన్నప్పుడే చేయాలా అని అడిగాడు. నేను ప్రతిసారీ అని రాశాను, అది సింపుల్ కాబట్టి. ఈ ఆదివారం రెండు రకాలుగానూ సమయం కొలిచి జవాబిస్తాను.

ఫెర్రైట్ రింగులు ఇంకా కేబుళ్లకే ఉన్నాయి. తీసేద్దామని వెళ్తే ఓనరు గారు ఒప్పుకోలేదు. అవి వేసిన దగ్గర్నుంచే సెట్ అయిందని ఆయన నమ్మకం. కొత్తగా కట్టే రెండు ఛాంబర్లకు కూడా అవే వేయమన్నారు.