సంగటిలో ఉండలు కడుతున్నాయి, నాన్న లెక్కపెడుతున్నారు. ఏం చేయాలి?

గుత్తిరోడ్డు తమ్ముడు (అనంతపురం):

చెల్లెలి రెండో కాన్పుకని అమ్మ బెంగళూరు వెళ్ళి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఇంట్లో నాన్న, నేను. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. పగలు ఏది పెట్టినా తింటారు. నీళ్ళ పప్పు పెట్టినా, మాడిన బంగాళాదుంప వేపుడు పెట్టినా, వీధి చివర బండి దగ్గర ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చినా దేనికీ వంక పెట్టరు. రాత్రి మాత్రం రాగి సంగటే కావాలి. అన్నం పెడితే 'ఇది కడుపులో నిలవదురా' అంటారు. చపాతీ పెడితే 'షుగరు ఎవరికి, నీకా నాకా?' అని అడుగుతారు.

ఆ సంగటే నాకు రావడం లేదు. ఎసరు మరిగాక ఒక చేత్తో పిండి పోస్తూ ఇంకో చేత్తో గరిటె తిప్పుతున్నాను, ఉప్మాలో రవ్వ పోసినట్లే. పైకి చూస్తే నున్నగానే ఉంటుంది. ముద్ద విరిచాక బయటపడుతుంది అసలు సంగతి. లోపల గోలీకాయంత ఉండలు, వాటిని చిదిమితే మధ్యలో పొడి పిండి. నాన్న పల్లెత్తు మాట అనరు. ఒక్కో ఉండనూ వేలితో పక్కకు తోసి, స్టాండులో బస్సులు నిలిపినట్లు కంచం అంచున వరసగా పేరుస్తారు. చెయ్యి కడుక్కోబోయే ముందు లెక్క చెబుతారు. సోమవారం పదకొండు. మంగళవారం తొమ్మిది. నిన్న పద్నాలుగు. నిన్న నేను మామూలుకన్నా ఎక్కువ శ్రద్ధగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా కలిపాను. అందుకే ఇంత బాధ.

అమ్మకు ఫోను చేస్తే 'పిండి వేసి మూత పెట్టు, తర్వాత గెలుకు, అంతే' అంటుంది. ఎంత పిండి అంటే 'చూసి వెయ్యి'. ఎంతసేపు అంటే 'వాసన వచ్చేదాకా'. ఏ వాసన అని అడిగేలోపు అక్కడ పాప ఏడుస్తుంది, ఫోను పెట్టేస్తుంది.

కొలతలతో చెప్పగలవారెవరైనా చెప్పండి. రాగిపిండి మిల్లులో ఆడించినదే. బియ్యం కర్నూలు సోనా, పాతవి. పిచ్చుకల కోసం అమ్మ పెట్టిన నూకల డబ్బా ఒకటుంది, అందులోంచి రోజూ పొద్దున్నే రెండు గుప్పెళ్ళు మిద్దె మీద చల్లుతున్నాను. అంతకుమించి వంటింట్లో ఏది ఎందుకుందో నాకు తెలియదు.

పనిలో పనిగా ఈ రాత్రి మీ ఇళ్ళలో ఏం వండుతున్నారో కూడా రాయండి. టమాటా పప్పు చేసి చేసి నాకే విసుగొచ్చింది.


ఎర్రముక్కపల్లె అక్క (కడప):

తమ్ముడూ, నూకల డబ్బా దగ్గర నా చదువు ఆగిపోయింది. ఆ నూకలు పిచ్చుకలకు కాదు, మీ నాన్నగారి సంగటికి! పంతొమ్మిది రోజులుగా మీ మిద్దె మీది పిచ్చుకలు భోగం అనుభవిస్తున్నాయి. ముందు డబ్బాలో ఎన్ని మిగిలాయో చూసుకో.

సంగటికి పాత సోనా బియ్యం పనికిరావు. పొడిపొడిగా ఉడికే బియ్యం అన్నానికి గొప్ప, సంగటికి శత్రువు. నూకలైతే మెత్తగా చితికి, పిండిని పట్టుకునే జిగురునిస్తాయి.

ఇద్దరికి కొలత చెబుతాను. నీళ్ళు తాగే గ్లాసుతో అర గ్లాసు నూకలు, గ్లాసు రాగిపిండి, మూడున్నర గ్లాసుల నీళ్ళు. టీ గ్లాసుతో కొలిచి తర్వాత నన్ను తిట్టుకోవద్దు. నూకలు కడిగి అరగంట నానబెట్టు. అడుగు మందంగా ఉన్న దబరలో నీళ్ళు, ఉప్పు, నూకలు వేసి ఉడికించు. వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు, అంత మెత్తబడాలి. అప్పటికి గిన్నెలో పైన గంజి ఇంకా తేలుతూ ఉండాలి. ఆ గంజి రెండు గరిటెలు తీసి పక్కన పెట్టుకో, చివర్లో అవసరపడుతుంది.

ఇప్పుడు మంట బాగా తగ్గించి, పిండిని నడి మధ్యన గుట్టగా పొయ్యి. గరిటె ముట్టుకోవద్దు! సంగటి గెలికే కట్టె వెనక వైపుతో గుట్ట మధ్యలో అడుగుదాకా ఒక బెజ్జం చెయ్యి. మూత పెట్టి పది నిమిషాలు వదిలెయ్యి. బెజ్జంలోంచి గంజి బుడబుడమంటూ పైకి వచ్చి పిండిని తడుపుతుంది. మూత తీసి చూస్తే గుట్ట మీద పగుళ్ళు కనిపిస్తాయి, బూడిదరంగు పోయి పిండి ముదురు రంగుకు తిరుగుతుంది, పచ్చివాసన పోయి కమ్మగా వస్తుంది. మీ అమ్మగారు చెప్పిన వాసన అదే.

నీకు ఉండలెందుకు కడుతున్నాయో కూడా చెబుతాను. పొడి పిండి మరిగే నీళ్ళలో పడగానే దాని పైపొర ఉడికి జిగురవుతుంది. ఆ జిగురు దాటి నీళ్ళు లోపలికి పోలేవు. నువ్వు గరిటె తిప్పేకొద్దీ ఆ ఉండలు ఇంకా గుండ్రంగా, గట్టిగా తయారవుతాయి. నిన్న శ్రద్ధగా కలిపినందుకే పద్నాలుగు వచ్చాయి.

పది నిమిషాలయ్యాక దబర దింపి నేల మీద పెట్టు. గరిటె కాదు, సంగటి కట్టె కావాలి. మీ ఇంట్లో తలుపు వెనకో బియ్యం మూట పక్కనో తప్పకుండా ఉంటుంది. దబర తిరగకుండా ఒకరు రెండు వైపులా గుడ్డతో గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు గెలకాలి. ఉండ కనిపిస్తే కట్టెతో గిన్నె గోడకు అదిమి చిదమాలి. గట్టిగా అనిపిస్తే పక్కన పెట్టిన గంజి కొంచెం కొంచెం పొయ్యి. తడి వేలితో తాకితే అంటుకోకపోతే సంగటి అయినట్లు. వేడి మీదే తడి చేత్తో ముద్దలు కట్టు, చల్లారితే మాట వినదు.

ఇక మా ఇంట్లో ఈ రాత్రి సంగటి, పుల్లగూర. నాలుగు రకాల ఆకులు, రెండు టమాటాలు, పచ్చిమిరపకాయలు కలిపి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే చాలు, ఇందులో నీకు రానిది ఏమీ లేదు.


హాస్టల్ 212 (అనంతపురం):

అన్నా, కుక్కర్‌లో నూకలు, పిండి, నీళ్ళు అన్నీ ఒకేసారి వేసి మూడు కూతలు రానిస్తే అయిపోతుంది. మా గదిలో అలాగే చేస్తాం. ఈ రాత్రి మాత్రం ఉగ్గాని, ఎందుకంటే బొరుగులు తప్ప ఏమీ లేవు.


ఎర్రముక్కపల్లె అక్క (కడప):

బాబూ, దాన్ని మీరు గదిలో ఏ పేరుతోనైనా పిలుచుకోండి.


ఎమ్మిగనూరు మాస్టారు (కర్నూలు జిల్లా):

మా ఇంట్లో ఈ రాత్రి జొన్నరొట్టె, గోంగూర పప్పు, పక్కన వెల్లుల్లి కారం. మా వైపు రాత్రిపూట కంచంలో రొట్టె లేకపోతే పొద్దున్నే కాళ్ళు లాగుతాయంటారు. నమ్మి తింటున్నాను, అరవై ఎనిమిదేళ్ళొచ్చినా లాగలేదు.

సంగటి గురించి అమ్మాయి చెప్పిన దానికి నేను చేర్చగలిగింది చాలా తక్కువ. సైన్సు మాస్టారుగా పనిచేశాను కాబట్టి ఒక్క మాట. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా కాల్షియం ఉంటుంది, అంతే పాలలో ఉన్నదానికి రెట్టింపుకన్నా ఎక్కువ. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీలోంచి 'సార్, మా ఇంట్లో రోజూ అదే' అని నిట్టూర్పు వినిపించేది. అప్పట్లో సంగటి తింటామని చెప్పుకోవడం వాళ్ళకు నామోషీ. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆ తర్వాత మా వీధి కొట్లో అదే రాగిపిండి గోనెసంచిలోంచి లేచి రంగుల పొట్లంలోకి ఎక్కింది. ధర కూడా దానితోపాటే ఎక్కింది. మీరు మిల్లులో ఆడించుకుంటున్నారు, మంచి పని.

మిగిలిన ముద్దను పారెయ్యకండి. రాత్రే నీళ్ళలో వేసి ఉంచి, పొద్దున ఆ నీళ్ళు కొంత వంపేసి, పలుచటి మజ్జిగ పోసి పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగితే మధ్యాహ్నందాకా ఆకలి అనేది గుర్తుకు రాదు. అందులో ఉండలున్నా ఎవరూ లెక్కపెట్టరు.


గుత్తిరోడ్డు తమ్ముడు (అనంతపురం):

అందరికీ నమస్కారం. రెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

అక్కా, డబ్బాలో నూకలు గ్లాసుకు కొంచెం తక్కువగా మిగిలాయి, సరిగ్గా రెండు రాత్రులకు వచ్చాయి. పిచ్చుకలు పొద్దున మిద్దె గోడ మీద వరసగా కూర్చుని నన్ను చూస్తున్నాయి. సంగటి కట్టె మీరన్నట్లే తలుపు వెనకే ఉంది. ఇన్నేళ్ళూ అది తలుపుకు అడ్డం పెట్టే కర్ర అనుకున్నాను.

మొదటి రోజు దబర పట్టుకోవడానికి నాన్నను పిలిచాను. వచ్చి పీట వేసుకుని కూర్చుని, పాత తుండుగుడ్డ చుట్టి రెండు వైపులా పట్టుకున్నారు, అచ్చం స్టీరింగు పట్టినట్లు. నేను కుడి వైపు గెలికితే ఆయన దబర ఎడమకు కోస్తున్నారు. కల్యాణదుర్గం రోడ్డులో మలుపులు తిప్పిన చేతులు కదా, గిన్నె అంగుళం కదల్లేదు. మధ్యలో ఒకసారి మాత్రం 'గంజి పొయ్యి, బిగుసుకుంటోంది' అన్నారు. ఇది ముందే తెలుసా అని అడిగితే 'నన్ను అడిగావా?' అన్నారు. ఆ రోజు లెక్క నాలుగు.

నిన్న పప్పుకు బదులు ఊరుబిండి చేశాను. వేరుశనక్కాయలు దోరగా వేయించి పొట్టు తీసి, పచ్చిమిరపకాయలు, టమాటా కొద్ది నూనెలో మగ్గించి, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు వేసి రోట్లో దంచాను. చివర్లో ఉల్లిగడ్డ వేసి ఊరికే చితక్కొట్టాను. మిక్సీలో వేస్తే శనక్కాయ నూనె వదిలి ముద్దవుతుందని నాన్న రోలు కడిగి పెట్టారు.

నాన్న ఒక ముద్ద తిని రెండోది పెట్టించుకున్నారు. తర్వాత అంచున ఒక్కటి పెట్టి 'ఒకటి' అన్నారు. అది సంగటి ఉండ కాదు, ఊరుబిండిలో నలగని వెల్లుల్లి రెబ్బ. చిదిమి చూపించాను కూడా. అయినా లెక్క మార్చలేదు. అమ్మకు ఫోనులో కూడా ఒకటి అనే చెప్పారు.

ఇంతకీ నూకలు అయిపోయాయి. పాతవూరు బజారులో విడిగా అమ్ముతారా, మిల్లుకే వెళ్ళాలా? రేపు సాయంత్రంలోపు తెలిస్తే మేలు.