ఒకే డిజైన్ ముగ్గురికి ఇస్తే, బయటికి పొక్కింది ఎవరి నుంచో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
మాది చిన్న టీమ్. ఒక క్రిప్టో కోర్‌ని (చిప్‌లో ఎన్‌క్రిప్షన్ పని చేసే సర్క్యూట్ డిజైన్) ముగ్గురు కస్టమర్లకు నెట్‌లిస్ట్‌గా, అంటే గేట్లు, వాటి కనెక్షన్ల జాబితాగా, లైసెన్స్ ఇస్తున్నాం. లోపల మా వాటర్‌మార్క్ ఉంది, కాపీ దొరికితే మాదేనని నిరూపించగలం. కానీ ముగ్గురికీ అదే గుర్తు. ఎవరు లీక్ చేశారో తేల్చాలంటే ఒక్కొక్కరికీ విడిగా డిజైన్ చేయాలా?

జవాబు 1:
ఐట్రిపులీ 1735 (చిప్ డిజైన్లను గుప్తంగా ఇచ్చే ప్రమాణం) ఎన్‌క్రిప్షన్‌తో ఇవ్వండి, చాలు.

జవాబు 2:
అది తాళం మాత్రమే. ఆ ప్రమాణంలో లోపాలున్నాయని 2017లోనే బయటపడింది. తాళం పోయాక దొంగని పట్టించేది ఫింగర్‌ప్రింటే, అంటే ఒక్కో కస్టమర్ కాపీలో పెట్టే వేరే గుర్తు.

మళ్లీ డిజైన్ చేయక్కర్లేదండీ. 'డోంట్ కేర్' చోట్లు, అంటే ఒక సిగ్నల్ ఏదైనా ఫలితం మారని చోట్లు, వాడుకోండి. ఒక యాండ్ గేటుకు (ఇన్‌పుట్లన్నీ 1 అయితేనే 1 ఇచ్చేది) ఎ, బి ఇన్‌పుట్లు అనుకోండి. బి సున్నా అయితే ఎ ఏదైనా ఫలితం సున్నానే. కాబట్టి ఎ వచ్చేది కూడా యాండ్ గేటు నుంచే అయితే, ఆ గేటుకు బి-ని అదనంగా కలిపినా ఏమీ మారదు. కస్టమర్ కోడ్‌లో ఆ చోటుకు కలిపితే 1, కలపకపోతే 0. ఇలాంటి చోట్లు 20 దొరికితే 10,48,576 రకాల కాపీలు. ఎ ఇంకో గేటుకి కూడా వెళ్తుంటే ముట్టుకోకండి. క్రిటికల్ పాత్ (చిప్ వేగాన్ని నిర్ణయించే అతి నెమ్మది దారి) జోలికీ పోవద్దు. ప్రతి కాపీకీ ఈక్వివలెన్స్ చెక్ (అసలు డిజైన్‌లాగే పనిచేస్తోందా అన్న పరీక్ష) చేయాల్సిందే.

జవాబు 3:
కస్టమర్లు మళ్లీ సింథసిస్ చేస్తే (టూల్‌తో గేట్లను కొత్తగా పేర్పిస్తే) టూల్ ఆ అదనపు కనెక్షన్‌ని ఎగరగొట్టేస్తుంది కదా?

జవాబు 2:
ఎగరగొట్టొచ్చు. అందుకే వీలైతే లేఅవుట్ అయిపోయిన హార్డ్ మాక్రోగా, అంటే గేట్లు, తీగల స్థానాలు ఖరారైపోయిన రూపంలో, ఇవ్వమంటాను.

నాకు అంతకంటే టెన్షన్ పెట్టేది ఇద్దరు కస్టమర్లు కుమ్మక్కవడం. కాపీలు పోల్చి, తేడా ఉన్న చోట్లన్నీ మార్చేస్తారు. అప్పుడు ఏ పాపం తెలియని మూడో కస్టమర్ మీద నింద పడుతుంది. అది మాత్రం జరగకూడదు. ఉన్న చోట్లను మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఒక్కో కస్టమర్‌కే 1 ఇవ్వండి (మొదటి గుంపులో మొదటి ఆయనకు, అలా), మిగతా ఇద్దరికీ 0. మొదటి ఇద్దరూ కలిసినా మూడో గుంపు ఇద్దరిలోనూ 0గానే ఉంటుంది కాబట్టి వాళ్లకు తేడా కనపడదు, దాన్ని ముట్టుకోరు. లీకైన కాపీలోనూ అది 0గానే ఉంటుంది, మూడో ఆయన మీద నింద పడదు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురూ కలిస్తే?

జవాబు 2:
అప్పుడు ఈ పద్ధతి నిలవదు. మీకు మిగిలేది వాటర్‌మార్క్ ఒక్కటే, అది ముగ్గురిలోనూ ఒకటే కాబట్టి పోలికకు చిక్కదు. ఎవరికి ఏ కోడ్ ఇచ్చారో ఆ పట్టిక హాష్‌ని (పట్టిక మారిస్తే తెలిసిపోయే డిజిటల్ ముద్ర) డెలివరీకి ముందే, తేదీతో సహా, మీ లాయర్ దగ్గర పెట్టండి.