నాన్నకు కీమో జరుగుతుంటే రాత్రిళ్లు ‘అమృతం’ చూస్తున్నాను. ఆయనకూ చూపించవచ్చా?

కట్టమంచి అమ్మాయి, చిత్తూరు:

మా నాన్నకు లింఫోమా. వేలూరులో కీమో ఇస్తున్నారు. చిత్తూరు నుంచి 35 కిలోమీటర్లే అయినా, మందు ఎక్కించిన రోజుల్లో ఆసుపత్రి దగ్గరే లాడ్జిలో ఉంటాం. మిగతా రోజుల్లో ఇంట్లోనే.

నాన్న మంచం మీద వాలాక నేను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఫోనులో ‘అమృతం’ చూస్తాను. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన సీరియల్ అది. చిన్నప్పుడు ఆదివారం రాత్రి అది మొదలయ్యే వేళకు అమ్మ తిరగమోత వేసి, స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మా పక్కన కూర్చునేది. నాన్నకు ఇంటి ఓనరు అప్పాజీ అంటే మహా ఇష్టం. అప్పాజీ తెర మీదికి రాగానే, ఇంకా ఒక్క మాట కూడా పలకకముందే, నాన్న నవ్వడం మొదలుపెట్టేవారు.

ఇప్పుడు కొత్త సినిమా ఏది పెట్టినా పది నిమిషాలు చూడలేకపోతున్నాను. ఎవరికి ఏమవుతుందోనని గుండె దడదడలాడుతుంది. ‘అమృతం’లో ఆ భయం లేదు. అందులో అమృతం, అంజి అనే స్నేహితులు ఏ పథకం వేసినా అది బెడిసికొడుతుంది. అయినా తరువాతి భాగంలో వాళ్ల హోటల్ మామూలుగానే నడుస్తూ ఉంటుంది, వంటవాడు సర్వం వంట చేస్తూనే ఉంటాడు. పగలంతా నా పని రక్తపరీక్ష కాగితం కోసం ఎదురుచూడడమే. తెల్లకణాలు పెరిగాయా, ఈసారి కీమో ఇస్తారా, వాయిదా వేస్తారా అన్నది ఆ కాగితం చేతికి వచ్చేదాకా తెలియదు. అలాంటి రోజు గడిచాక, ఏం జరుగుతుందో ముందే తెలిసిన కథ నాకు ఎంత ఊరటో చెప్పలేను.

మొన్న నాన్నను చూడడానికి వచ్చిన పిన్ని నన్ను చూసి, “మీ నాన్న ఆ స్థితిలో ఉంటే నీకు నవ్వెలా వస్తుందే?” అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అసలు అడగాలనుకున్నది ఇది. స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే రోజుల్లో నాన్నకు నిద్ర పట్టదు. అర్ధరాత్రి దాటినా కళ్లు తెరుచుకుని ఉంటారు. ఉన్నట్టుండి, “బంగారుపాళ్యం మార్కెట్లో తోతాపురి ఎంత పలుకుతోందమ్మా?” అని అడుగుతారు. మా మామిడి తోట ఈ ఏడాది కౌలుకు ఇచ్చేశాం. ఆ వేళ ఆయనకూ ‘అమృతం’ చూపించనా అనుకుంటాను. కానీ అంజిగా వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. ఆ సంగతి నాన్నకు తెలుసు. ఆయన్ను చూస్తే నాన్నకు నవ్వు వస్తుందా, లేక ఆ ఆలోచనే వస్తుందా? ఇలాంటి రోజులు గడిపినవాళ్లు చెప్పండి.

రాత్రి డ్యూటీ నర్సు, తిరుపతి:

అమ్మా, ముందు నిద్ర సంగతి. స్టెరాయిడ్ మాత్ర ఏ వేళకు వేస్తున్నారో చూడండి. మామూలుగా పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమంటారు. ఆలస్యంగా వేసుకుంటే నిద్ర చెడుతుంది. మీ అంతట మీరు వేళ మార్చకండి, డాక్టరుగారిని అడిగి మార్చండి.

ఇక సీరియల్ గురించి. మా వార్డులో ఒక కుర్రాడు 2011 ప్రపంచకప్ ఫైనల్ చూస్తూ ఉండేవాడు. ధోనీ చివరికి సిక్సు కొడతాడని తెలుసు. అయినా ఆ బంతి వచ్చే ముందు మంచం మీద లేచి కూర్చునేవాడు, చేతికి సెలైన్ ఉన్నా సరే. మేము వద్దనలేదు. సూది కదలకుండా చేతి కింద దిండు పెట్టేవాళ్లం.

నాన్నగారిని నేరుగా అడగండి. “చూద్దామా?” అంటే చాలు. ఆయనకు మంచిదని మీరే నిర్ణయించి ఫోను ముందు పెట్టకండి. జబ్బు మనిషికి తిండి దగ్గర నుంచి స్నానం దాకా అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. ఇదొక్కటైనా ఆయన ఇష్టానికి వదలండి.

కొర్లగుంట మాస్టారు, తిరుపతి:

తల్లీ, కరోనా వల్ల 2020 మార్చి 20 నుంచి తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. మా మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తుంది, పైకి వెళ్లే దారి మాత్రం లేదు. ఒకప్పుడు అలిపిరి నుంచి మెట్లన్నీ నడిచి ఎక్కిన మనిషి నా భార్య. అప్పటికే ఆమె గుండె బలహీనపడింది. దర్శనం మళ్లీ మొదలయ్యాక కూడా బయటికి పంపే ధైర్యం మాకు లేకపోయింది. దేవస్థానం ఛానల్ ఎస్వీబీసీలో నాదనీరాజనం వేదిక నుంచి సుందరకాండ పారాయణం వచ్చేది. ఆమె వ్యాసపీఠం మీద పుస్తకం తెరిచి, పండితులతో పాటు వేలుతో వరస పట్టుకుని చదివేది. ఆయాసం వస్తే ఆగేది. వాళ్లు ముందుకు వెళ్లిపోయినా కంగారుపడకుండా, తరువాతి శ్లోకం దగ్గర కలుసుకునేది. మందుల కన్నా ఆ గంటే ఆమెను నిలబెట్టిందని నా నమ్మకం.

మరుసటి ఏడాది ఆమె వెళ్లిపోయింది. ఆ తరువాత చాలా కాలం నేను ఆ ఛానల్ పెట్టలేకపోయాను. నీకు ఇది చెప్పాలి. కష్టకాలంలో చూసినది ఆ కాలంతో ముడిపడిపోతుంది. రేపు ‘అమృతం’ పాట వినబడితే నీకు వేలూరు లాడ్జి గది గుర్తు రావచ్చు. ఆ సంగతి తెలిసే చూడు, చూడడం మాత్రం మానకు. నాకైతే ఇప్పుడు ఆ ముడి విప్పుకోవాలని లేదు. పారాయణం పెట్టుకుని ఆమె పుస్తకంలోనే చదువుకుంటున్నాను.

మీ పిన్నికి మీ నాన్న మీద బెంగ. దాన్ని నీ మీద కోపంగా చూపించింది.

మనస్తత్వశాస్త్రం చెప్పే లెక్చరర్, తిరుపతి:

మీరు చెప్పిన విషయం మీద పరిశోధన జరిగింది. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జే డెరిక్ 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. మనసును బిగబట్టి ఏదైనా పని చేసి అలసిపోయినవాళ్లు తమకు బాగా తెలిసిన కథల వైపు వెళ్తారనీ, వాటితో కోలుకుంటారనీ ఆమె గమనించారు. టీవీలో వచ్చేదేదో చూస్తే ఆ ఫలితం కనిపించలేదు. అందుకే మీకు కొత్త సినిమా పనికిరావడం లేదు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. రెండు భాగాలయ్యాక ఫోను పక్కన పెట్టండి. పొద్దున వరసలో నిలబడాల్సింది మీరే.

కట్టమంచి అమ్మాయి, చిత్తూరు:

అందరికీ దండాలు. నాన్నను అడిగాను. “వద్దమ్మా, నోరంతా పూత, నవ్వితే మండుతుంది. బాలు గారి ‘పాడుతా తీయగా’ పెట్టు, పాతవి” అన్నారు. ఈటీవీలో 1996లో మొదలైనప్పటి నుంచి ఆయనకు అది ఇష్టమని నాకు గుర్తే రాలేదు. బాలు గారు కూడా 2020లో పోయారు కదా అని నేను భయపడ్డాను. నాన్న ఆ ఊసే ఎత్తలేదు. ఒక పిల్లవాడు ‘ళ’ను ‘ల’గా పలికితే బాలు గారు ఆపి దిద్దుతున్నారు. నాన్న కూడా పెదవులు కదిపి ఆ మాట సరిగా పలికారు. మాత్ర ఇక మీదట పొద్దున వేయమని డాక్టరుగారు చెప్పారు.

నర్సమ్మా, నోటిపూతకు ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. అవి గోరువెచ్చగా ఉండాలా, చల్లగా ఉన్నా ఫర్వాలేదా? మాస్టారూ, పిన్నికి ఈ రోజు నేనే ఫోను చేశాను. ఆదివారం వస్తానంది.