వాకిట్లో కాంక్రీటు కుంగింది, పైన సిమెంటు పూస్తే చాలా?

మాది ఒంగోలు దగ్గర పల్లె, నల్లరేగడి నేల. ఆరేళ్ళ కిందట ఇంటి చుట్టూ 4 అంగుళాల కాంక్రీటు పోయించాం. ఇప్పుడు వంటగది వెనక పలక గోడ వైపు 2 అంగుళాలు దిగింది. వాననీళ్ళన్నీ పునాది దగ్గరే నిలుస్తున్నాయి. బిందె పెడితే ఒరిగిపోతోందని అమ్మ రోజూ నన్నే తిడుతోంది. పైన సిమెంటు పూయించేదా?

జవాబు: వద్దన్నా. మేమూ పూయించాం, ఒక్క ఎండాకాలానికే అప్పడంలా లేచిపోయింది.

జవాబు: నేను కందుకూరులో మేస్త్రీ పని చేస్తా. ముందు నీళ్ళ సంగతి చూడండి. డాబా గొట్టం అక్కడే పడుతోందా? రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. పలకని ఇనపరాడ్డుతో కొట్టండి, డొల్లగా మోగితే కింద మట్టి జారినట్టే. అదొక్కటే పగలగొట్టి, మెత్తమట్టి తోడేసి, గ్రావెల్ 6 అంగుళాల పొరలుగా పోసి, తడిపి దిమ్మిసతో కొట్టించండి. దానిమీద మళ్ళీ కాంక్రీటు పోయించండి, వాలు గోడ నుంచి బయటికి, మీటరుకి 2 సెంటీమీటర్లు. కనీసం వారం రోజులు నీళ్ళు పట్టాలి. బెజ్జాలు వేసి సిమెంటు పాలు పంపుచేసి లేపే పద్ధతీ ఉందిగానీ, ఒక్క పలకకి మిషను తెప్పించడం దండగ.

అడిగినవారు: కొట్టి చూశా, డప్పులా మోగుతోంది. గొట్టం కూడా సరిగ్గా అక్కడే.