‘మాని రావన్న’లో ఆ వకారం ఎక్కడిది?

నీలిసిరా: మా అన్నయ్య దూరదేశంలో ఉంటాడు. ఆదివారం ఫోను, మిగతా రోజుల్లో నాలుగు వాక్యాల సందేశం. నిన్న రాస్తూ చివర పోతన భాగవతంలో, చెల్లెలు దేవకిని చంపబోయిన కంసుణ్ణి బతిమాలే పద్యం ముక్క పెట్టబోయి ఆగిపోయాను. ‘చంపకుమన్న మాని రా’ తరవాత ‘వన్న’నా, ‘యన్న’నా? చిన్నప్పుడు ఇద్దరం కలిసి వల్లెవేసేవాళ్లం. నేనొకలా చదివితే అన్నయ్య దిద్దేవాడు. ఏమని దిద్దేవాడో గుర్తు రావడం లేదు.

ఛందఃప్రియ: వన్న.
‘మిన్నుల మ్రోతలే నిజము మేలని చంపకుమన్న మాని రా
వన్న సహింపుమన్న తగదన్న వధింపకుమన్న వేడెదన్.’
యతితో, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరం కలిసే నియమంతో, మాత్రం తేలదు. ‘తగదన్న’లోని అకారంతో స్వరయతి (అచ్చుకు అచ్చు కలవడం) కాబట్టి ‘యన్న’ అన్నా చెల్లుతుంది.

తాటాకు: యడాగమం, అంటే రెండు అచ్చుల నడుమ యకారం, రావలసిన చోట వకారం ఎందుకొచ్చిందన్నది అసలు ప్రశ్న. రావలె, రావడం అంటున్నాం కదా, ఆ వకారమే ఇది.

పాతప్రతి: ఒప్పుకోను. ‘చూడవయ్య’, ‘వినవమ్మ’ అంటాం. ఆ ధాతువుల్లో వకారం ఎక్కడుంది? ఇది రావు + అన్న. పైకి పిలుపు, లోపల ‘నువ్వు రావు కదా’ అన్న నిష్ఠూరం.

ఛందఃప్రియ: చుట్టూ ఉన్నవి చంపకుము, సహింపుము, వధింపకుము. అన్నీ విధిరూపాలే. నడుమ ఇదొక్కటీ నిష్ఠూరమవుతుందా?

పాతప్రతి: నా వాదానికి బలం అక్కడే ఉంది. ‘ర’ మీద పాదం ఆపి ‘మ్మన్న’ అని ఎత్తుకున్నా గణం సరిపోయేది. రమ్ము చేతిలో ఉండగా పోతన దాన్ని కాదన్నాడు.

మల్లెపందిరి: చెల్లెలు అన్నను అడిగేటప్పుడు కాస్త నిష్ఠూరం ఉంటుంది మరి.

తాటాకు: అడిగింది దేవకి కాదండీ, వసుదేవుడు. పైగా దేవకి దేవకుడి కూతురు, కంసుడు ఉగ్రసేనుడి కొడుకు. అయినా ‘అన్నవు నీవు చెల్లెలికి’ అనే ఎత్తుకున్నాడు.

మల్లెపందిరి: నిజమే, పొరబడ్డాను. అయితే ఆ ఎత్తుగడ తరవాతి వరస చూడండి. మాడలు (బంగారు నాణేలు), చీరలు ముందు. ఆపైన మన్నన. అన్నిటి తరవాత ‘మధుర మంజుల భాషల నాదరించుటో’. రుక్మిణి సందేశంలోనూ అంతే: ‘ప్రాణేశ నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల’. గొంతు వినకపోతే చెవులెందుకని అడిగించిన కవి! ఈ ‘మంజు’ శబ్దం మీద పోతనకున్న ప్రేమ గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

ఛందఃప్రియ: అక్కడది ప్రియుడి మాట, ఇక్కడిది అన్న మాట. రెండింటికీ ఒకే విశేషణం వాడటానికి గుండె కావాలి.

నీలిసిరా: మల్లెపందిరి గారూ, ఆ వరస నాకు బాగా తెలుసు. అన్నయ్య పంపిన వస్తువుల్లో కొన్ని ఇంకా విప్పనే లేదు. ఒకసారి మాట మధ్యలో నవ్వొచ్చి, దగ్గి, ‘ఉండవే, మళ్లీ చెబుతాను’ అని ఆపేసిన పదహారు సెకన్ల సందేశం మాత్రం, ఫోను మారినా పోకుండా దాచుకున్నాను. ‘మాని రావన్న’ అనే రాసి పంపాను. పాతప్రతి గారు చెప్పిన అర్థంలోనే.

తాటాకు: మంచి పని చేశారు. అర్థం మాత్రం అది కాదు, ధాతువులోని వకారమే.

పాతప్రతి: అయితే ‘చూడవయ్య’ సంగతి చెప్పండి.